సాక్ష్యానికి ఎదురు వాదించాను

పెద్దవాళ్ళు నోరు విప్పి చెప్పుకోలేని కష్టాన్ని ఒక్కోసారి దేవుడి మీద పెట్టి చెబుతారు. అది వినడం చేతకాక, అదే దేవుడి మాటలు పట్టుకుని ఒక పెద్దాయనతో వాదం పెట్టుకున్నాను. గుంటూరులో నర్సింగు చదివాను. షికాగో దగ్గర ఒక ఆస్పత్రిలో గుండెజబ్బుల వార్డులో పనిచేశాను. మా తెలుగు సంఘంలో ఆరోగ్య పరిచర్య చూసే బాధ్యత ఎవరూ అంటగట్టలేదు, నేనే అడిగి తీసుకున్నాను. ఆ పనిలో నా తెలివితక్కువతనం ఎవరెవరిని బాధపెట్టిందో ఇక్కడ ఒప్పుకుంటున్నాను. రేపు ఇంకో ఊళ్ళో, ఇంకో సంఘంలో, నాలాంటి నర్సే ఈ పని నెత్తికెత్తుకుంటుంది. ఆమెకైనా ఇది ముందే తెలియాలి.

మా సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ లూథరన్ సంఘం ఉదయం ఆరాధన ముగించుకుని వెళ్ళాక, మధ్యాహ్నం ఆ చర్చి మాకిస్తారు. గుంటూరు, తెనాలి, ఒంగోలు, నెల్లూరు, మెదక్, హనుమకొండ నుంచి వచ్చినవాళ్ళం. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్సై వాళ్ళు, పెంతెకొస్తు వాళ్ళు. అక్కడైతే తలా ఒక చర్చికి వెళ్ళేవాళ్ళం, ఇక్కడ అందరం ఒకే చోట కూర్చుంటాం. ఆరాధన అయ్యాక కింద బేస్‌మెంట్ హాల్లో అల్యూమినియం ట్రేలలో పులిహోర, చికెన్ బిర్యానీ. ముందు వరసలో ఎప్పుడూ కొందరు పెద్దవాళ్ళుంటారు. కూతురి కాన్పుకో, మనవణ్ణి చూసుకోవడానికో ఆరు నెలలకని వచ్చినవాళ్ళు. కొందరు వెళ్ళిపోతుంటారు, కొత్తవాళ్ళు వస్తుంటారు. ఆ వరస మాత్రం ఖాళీగా ఉండదు.

సంఘానికంటూ ఒక నర్సు ఉండాలన్న ఆలోచన ఈ కాలంలో రూపం కట్టింది మేముండే ప్రాంతంలోనే. గ్రేంజర్ వెస్ట్‌బర్గ్ లూథరన్ పాస్టరు, ఆస్పత్రి చాప్లిన్‌గా రోగుల మంచాల పక్కన కూర్చున్న మనిషి. చర్చి భవనాల్లోనే చిన్న క్లినిక్కులు పెట్టించి, డాక్టరు, నర్సు, పాస్టరు కలిసి ఒక మనిషిని చూసే ఏర్పాటు ఒకటి 1970లలో చేశారు. డాక్టరు మాట పాస్టరుకీ, పాస్టరు మాట డాక్టరుకీ అందేలా చేస్తున్నది నర్సేనని అక్కడే ఆయనకు అర్థమైంది. 1980ల నడుమ పార్క్ రిడ్జ్‌లోని లూథరన్ జనరల్ హాస్పిటల్ తోడ్పాటుతో ఆరు సంఘాల్లో నర్సుల చేత ఈ పని మొదలుపెట్టించారు. 1997లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ దీన్ని నర్సింగులో ఒక ప్రత్యేక శాఖగా గుర్తించింది. మొదట పారిష్ నర్సింగు అనేవారు, 2005 నుంచి ఫెయిత్ కమ్యూనిటీ నర్సింగు అంటున్నారు. చర్చిలోనే కాదు, యూదుల సినగాగులోనూ మసీదులోనూ కూడా ఈ పని చేయవచ్చు.

ఆ కోర్సు నేనూ చేశాను. సంఘంలో నర్సు చేయాల్సిన పనులు అందులో వరసగా చెప్పారు. ఆరోగ్య సంగతులు నేర్పాలి. మనిషితో విడిగా కూర్చుని మాట్లాడాలి. ఎక్కడికి వెళ్తే సాయం దొరుకుతుందో చూపించాలి. వాలంటీర్లను కూడగట్టాలి. ఒకే బాధ పడుతున్నవాళ్ళను ఒకచోట కలపాలి. ఆస్పత్రిలో, ఆఫీసుల్లో వాళ్ళ పక్షాన మాట్లాడాలి. వీటన్నిటిలోనూ ఆ మనిషి విశ్వాసాన్నీ ఆరోగ్యాన్నీ విడదీయకుండా చూడాలి. సూదిమందు వేయడం, మాత్రలు పంచడం ఈ నర్సు పని కాదు. లైసెన్సు మాత్రం ఉండి తీరాలి. ఆస్పత్రిలో మనకు వర్తించే నర్సింగు చట్టం చర్చి హాల్లోనూ వర్తిస్తుంది. పుస్తకంలో ఇవన్నీ కింద గీతలు గీసుకుంటూ చదివాను. చదివి, మొదటిది ఒక్కటే పట్టుకున్నాను. వీళ్ళకు తెలియదు, నాకు తెలుసు, కాబట్టి నేను చెప్పాలి, వీళ్ళు వినాలి. నా పొరపాట్లన్నీ ఈ ఒక్క ఆలోచనలోంచే పుట్టాయి.

మొదట బీపీ చూడటం పెట్టాను. బేస్‌మెంట్‌లో కాఫీ పాత్ర పక్కనే టేబుల్ వేసుకున్నాను. మెట్లు దిగి వచ్చినవాళ్ళను వచ్చినట్టే కూర్చోబెట్టి, స్వెట్టర్ మీదుగానే పట్టీ చుట్టి, వాళ్ళు పిల్లల్ని కేకలేస్తుండగానే మిషను నొక్కేదాన్ని. బీపీ ఎలా చూడాలో వార్డులో కొత్త నర్సులకు నేర్పినదాన్ని నేనే. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తున ఆనించి, పట్టీ ఒంటి మీదే చుట్టాలి. అరగంట ముందు కాఫీ తాగకూడదు, చూసేటప్పుడు మాట్లాడకూడదు. చర్చిలో వీటిలో ఒక్కటీ పాటించలేదు. వరస పొడుగ్గా ఉంది, అందరికీ చూసెయ్యాలన్న తొందర. 158, 164 అని పైకి చదివి, "ఇంత ఉందేంటండీ, ఉప్పు తగ్గించండి" అని అందరి ముందూ అనేదాన్ని. ఒక్కసారి చూసిన అంకెతో బీపీ ఉందని తేల్చకూడదు. అందులోనూ అలా చూసిన అంకెతో అసలే తేల్చకూడదు. అయినా నా మాటకు భయపడి నిద్ర మానుకున్నవాళ్ళున్నారు.

పేర్లు, అంకెలు రాసిన నోటు పుస్తకం ఆ టేబుల్ మీదే తెరిచి ఉండేది. కాఫీ కోసం వచ్చినవాళ్ళ కళ్ళన్నీ దాని మీద పడేవి. ఒక కోడలి పేరు పక్కనున్న అంకె అత్తగారు చూసి, "ఈ వయసుకే బీపీయా, మాకు చెప్పలేదే" అని అక్కడికక్కడే అడిగింది. ఆ అమ్మాయి ప్లేటు అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా టేబుల్ దగ్గరికి ఎప్పుడూ రాలేదు. నేను ఆ పూట ఎంతమందికి చూశానో లెక్కపెట్టుకుని సంతోషపడ్డాను.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. పెళ్ళయి ఎక్కువ కాలం కాని ఒక అమ్మాయి, మూడో నెలలో గర్భం పోయిందని పార్కింగ్ దగ్గర నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇంకెవరికీ చెప్పలేదంది. ఇంటికి వెళ్ళగానే స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో, మన సంఘంలో ఒక సోదరికి గర్భస్రావం అయింది, ఆదరణ కోసం ప్రార్థించండి అని పెట్టాను. పేరు రాయలేదు. మంచిపనే చేశానని నమ్మాను. మాదెంత సంఘం? పేరు తెలుసుకోవడానికి ఒక్క పూట పట్టలేదు. తర్వాతి ఆదివారం ఒకరు బొప్పాయి తిన్నావా అని అడిగారు. ఇంకొకరు ఉద్యోగం మానెయ్యమన్నారు, మరొకరు దేవుని చిత్తం అన్నారు. బయటికి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి నా దగ్గర ఆగి, "ఆంటీ, మీరు నర్సని మీకు చెప్పాను. సంఘానికి చెప్పలేదు" అంది. గొంతు పెంచలేదు.

ఇదే పని ఆస్పత్రిలో చేస్తే ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. వార్డులో పనిచేసినన్నాళ్ళూ ఒక రోగి సంగతి లిఫ్టులో కూడా ఎత్తేదాన్ని కాదు. చర్చిలో మాత్రం ప్రార్థన అన్న ముసుగు వేసేసరికి, అది గుట్టు బయటపెట్టడమేనని నాకు తోచలేదు. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. క్షమించానంది. మళ్ళీ మాత్రం నాకేమీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉందన్న ధైర్యం నా వల్ల పోయింది. అది తిరిగివ్వడం నా చేతుల్లో లేదు.

ఇక నేను వాదం పెట్టుకున్న ఆ పెద్దాయన, మాస్టారి సంగతి. ఆయనా, ఆయన కూతురూ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

డెల్టాలో ఒక ఊళ్ళో మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కూతురి కాన్పుకని భార్యతో వచ్చారు. తెల్ల చొక్కా, దాని మీద అల్లుడి పాత స్వెట్టరు, చేతిలో అంచులు నలిగిన బైబిలు. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి, "పదమూడేళ్ళుగా బీపీకీ షుగరుకీ మాత్రలు వాడినవాణ్ణి. ఇప్పుడు వేసుకోవడం లేదు. నా దేవుడే నన్ను నడిపిస్తున్నాడు. ఇంతవరకు ఏ లోటూ రానివ్వలేదు" అన్నారు. సంఘమంతా హల్లెలూయా అంది, చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. చదువు చెప్పిన మనిషే ఇలా మాట్లాడితే మిగతావాళ్ళ గతేంటని, ఆ రాత్రంతా వచనాలు వెతికాను.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. బైబిల్లో కాగితం ముక్కలు పెట్టుకుని, పరీక్షకు వెళ్ళినట్టు వెళ్ళాను. కొలొస్సయి పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు లూకాను వైద్యుడనే అన్నాడు కదా అన్నాను. యెషయా 38లో హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద కట్టించలేదా అన్నాను. కడుపు జబ్బుకు తిమోతికి పౌలు ఏం తీసుకోమన్నాడో చూడండన్నాను. గాయపడ్డవాడికి సమరయుడు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు గానీ ఒట్టి ప్రార్థన చేసి వెళ్ళిపోలేదన్నాను. మాస్టారు ఓపిగ్గా విన్నారు. చిన్నగా నవ్వి, "ఆసా రాజు సంగతి కూడా ఉంది కదమ్మా, దినవృత్తాంతాల్లో. దేవుణ్ణి విడిచి వైద్యుల్నే నమ్ముకున్నాడని" అన్నారు. దానికీ నా దగ్గర జవాబుంది. అదీ చెప్పాను.

అంతలో కూతురు పసిబిడ్డను భుజాన వేసుకుని టీ తెచ్చింది. ఆమె గదిలోకి రాగానే మాస్టారు మాట మార్చారు. ఇక్కడి చలి సంగతి ఎత్తారు, కిటికీలోంచి కనపడే మంచు సంగతి ఎత్తారు. ఆమె వెళ్ళగానే నేను మళ్ళీ మాత్రల మాట తెచ్చాను. "నువ్వు చెప్పింది వాక్యమే తల్లీ, కాదనను. ప్రార్థన చేసి వెళ్ళు" అన్నారు. వాదంలో ఆయన దగ్గర జవాబు అయిపోయిందనుకున్నాను. కూతురు రాగానే ఎందుకు మాట మార్చారన్న ఆలోచన నాకు రాలేదు. వార్డులో ఏ రోగినైనా అడిగే మొదటి ప్రశ్న ఆ సాయంత్రం ఆయన్ని అడగలేదు. ఏం మాత్రలు వాడేవారు, ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు? ఎందుకో నాకు తెలుసన్నది నా ధీమా. మూఢభక్తి అని పేరు పెట్టి ఆయన్ని ఒక పక్కన కూర్చోబెట్టేశాను.

కొన్ని వారాల తర్వాత ఒక రాత్రి ఆయన కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, నాన్న మాట ముద్దముద్దగా వస్తోంది. చేతిలో గ్లాసు జారిపోయింది. ప్రార్థన చేస్తున్నాం. ఇన్సూరెన్సు వాళ్ళు పాత జబ్బులకు ఇవ్వరట కదా, అంబులెన్సు పిలవాలా, పొద్దున్నదాకా చూడమంటారా?" గంటకు పైగా అలాగే చూస్తున్నారట. ముందు 911కి చెయ్యమ్మా, నాతో తర్వాత మాట్లాడు అన్నాను. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు మొదటి లక్షణం కనపడ్డ నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. అదీ ఎంత త్వరగా ఇస్తే మెదడు అంత మిగులుతుంది. దేవుని దయవల్ల ఆ గడువులో చేరారు. మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది. కుడిచేతి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. జీవితమంతా బోర్డు మీద రాసిన చెయ్యి అది.

నవ్వమంటే మూతి ఒక పక్కకు పోవడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారిపోవడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏది కనపడినా ఆగకుండా అంబులెన్సు పిలవాలని ఆ ఇంట్లో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి దగ్గర డబ్బు ఉన్నా లేకపోయినా, ఇన్సూరెన్సు ఉన్నా లేకపోయినా ముందు పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలని 1986 నుంచి ఈ దేశంలో చట్టం ఉంది. లాభాపేక్ష లేని ఆస్పత్రులు బిల్లు కట్టలేనివాళ్ళకు తగ్గింపు ఎలా ఇస్తాయో రాసిపెట్టి అడిగినవాళ్ళకు చూపించాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం మొత్తం ఆసా రాజు మీద ఖర్చుపెట్టాను.

ఏ మందులు వాడుతున్నారని ఆస్పత్రిలో అడిగితే, ఆయన భార్య గుడ్డ సంచి ఒకటి తెచ్చింది. అందులో బిస్కెట్ల డబ్బా. నేనే మూత తీశాను. మాత్రల షీట్లను కత్తెరతో ఒక్కొక్క మాత్రగా కత్తిరించి, రబ్బరుబ్యాండు వేసి పెట్టారు. బ్లేడుతో రెండుగా కోసిన ముక్కల్ని క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టారు. ఆ ముక్కల్లో ఎస్సార్ అని రాసి ఉండే షుగరు మాత్రలు కూడా ఉన్నాయి. అవి కడుపులో నెమ్మదిగా కరగాల్సినవి, కోసి వేసుకోకూడదు. డబ్బా అడుగున ఒక పాకెట్ డైరీ. ముత్యాల్లాంటి అక్షరాలు. మొదట్లో ప్రతి తేదీ పక్కనా టిక్కు. తర్వాత రోజు విడిచి రోజు. ఆ తర్వాత టిక్కు పక్కన 'అర' అని రాసుకున్నారు. ఆపైన ఖాళీ. ఆ ఖాళీ మొదలైన చాలా రోజులకు గానీ ఆయన సాక్ష్యం చెప్పలేదు.

తిరుగు టికెట్టు తేదీ లెక్కపెట్టుకుని, దాని మీద ఇంకొన్ని రోజులకు సరిపడా మాత్రలు కొనుక్కుని వచ్చారు. బిడ్డ నెలలు నిండకముందే పుట్టింది. కూతురికి ఆపరేషను అయింది. ప్రయాణం వాయిదా వేసుకుని వీసా పొడిగింపుకు పెట్టారు. అన్నీ పొడిగించారు గానీ, డబ్బాలో మాత్రలు ఎన్నున్నాయని ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన గుర్తు చేయలేదు. బీపీ మాత్రల్లో కొన్నిటిని, అటెనలాల్ లాంటివాటిని, ఉన్నట్టుండి ఆపితే గుండెకే ముప్పు. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. సంఘంలో అది చెప్పాల్సిన మనిషిని నేనే.

మాట కుదుటపడ్డాక ఒకరోజు మాస్టారే చెప్పారు. "అల్లుడు బంగారం లాంటివాడమ్మా. అయినా పురిటి బిల్లులు రోజుకొక కవరు వస్తోంది, చూస్తున్నాను కదా. మన డాక్టరు చీటీ ఇక్కడి మందుల షాపులో చెల్లదన్నారు. ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళ్తే ఎంతవుతుందో తెలియదు. అల్లుడి చేత మందులు కొనిపించుకోవడానికి నోరు రాలేదు. దేవుణ్ణి అడిగాను. నేను సాక్ష్యంలో అబద్ధం చెప్పలేదు తల్లీ. మాత్రలు లేకుండా ఆయనే నడిపించాడు, అన్నాళ్ళూ."

నేను ఆయన విశ్వాసాన్ని మూఢత్వం అనుకున్నాను. మాత్రలు అయిపోయినప్పుడు ఆయనకు మిగిలింది ఆ విశ్వాసం ఒక్కటే. మాత్రలు తప్పని ఆయన ఏనాడూ అనుకోలేదు. అనుకుంటే ఒక్కొక్కదాన్నీ అంత జాగ్రత్తగా కోసి పొట్లం కట్టరు. మందుకూ దేవుడికీ మధ్య తగువు ఆయన మనసులో లేదు. నా మనసులో ఉంది, దాన్ని తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన కష్టం అల్లుడి ముందు పరువు, కూతురి మీద జాలి, పరాయి దేశంలో లెక్క తెలియని ఖర్చు. "మాస్టారూ, మాత్రలు ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగి ఉంటే ఆ సాయంత్రమే తెలిసేది. ఫెడరల్ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉన్నాయి. ఇన్సూరెన్సు లేనివాళ్ళనూ చూస్తాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. ఆయన వాడే రకం మందుల్లో చాలావాటికి 2006 నుంచి వాల్‌మార్ట్ లాంటి షాపుల్లో నెలకు నాలుగు డాలర్ల ధర నడిచింది. మా సంఘం ఒక ఆదివారం బిర్యానీకి పెట్టే ఖర్చుతో ఆయన మందులన్నీ వచ్చేవి.

మా నాయనమ్మ గుంటూరు మిషనులో బైబిల్ ఉమన్. డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆస్పత్రి తెరిచారని ఆమె చెబుతుంటే వింటూ పెరిగాను. నాయనమ్మ పల్లెలకు వెళ్ళినప్పుడు చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్ళేది. ఏ ఇంటికి వెళ్ళినా గడపలో కూర్చుని, ఏం వండారు, పిల్లాడు నిద్రపోతున్నాడా, పనికి వెళ్తున్నారా అని అడిగేది. చేటలో బియ్యం ఉంటే తానూ రాళ్ళు ఏరేది. అలా చాలాసేపు అయ్యాక గానీ సంచిలోంచి పుస్తకం తీసేది కాదు. ఎవరైనా జబ్బు సంగతి చెబితే, ఆస్పత్రికి ఏ రోజు రావాలో చెప్పి, ఆ రోజు గేటు దగ్గర తానే నిలబడేది. కోర్సులో నేను గీతలు గీసుకున్న పనులన్నీ ఆమె ఏ కోర్సూ లేకుండా చేసింది. అవన్నీ కళ్ళారా చూసినదాన్ని, నర్సింగు డిగ్రీ ఉంది కదా అని ఆమె కంటే నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

మాస్టారు ఆస్పత్రి నుంచి వచ్చాక మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు చప్పట్లు కొట్టించింది నేనేనమ్మా. తర్వాత వెళ్ళి ఎలా ఉన్నారని నేనూ అడగలేదు" అన్నారు. అప్పటినుంచి ఎవరైనా స్వస్థత సాక్ష్యం చెబితే, ఆ వారంలోనే అయ్యగారూ నేనూ వాళ్ళింటికి వెళ్తాం. ఆయన దేవుణ్ణి స్తుతిస్తారు, నేను మందుల సంచి చూపించమంటాను. మాత్ర వేసుకుని వచ్చి కూడా సాక్ష్యం చెప్పవచ్చని ఆయన పుల్‌పిట్ మీద నుంచే చెబుతున్నారు. అదే మాట నేను చెబితే వాదమయ్యేది, ఆయన చెబితే సంఘం ఆమెన్ అంటోంది. నర్సు ఒక్కతే ఈ పరిచర్య చేయలేదని నాకు అర్థమైంది అప్పుడే.

బీపీ టేబుల్ కాఫీ దగ్గర నుంచి తీసేసి సండే స్కూలు గదిలోకి మార్చాను. తలుపు వేస్తాను. ఒక్కొక్కరే లోపలికొచ్చి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటారు. ఆ ఐదు నిమిషాల్లోనే అసలు సంగతులు బయటికొస్తాయి. అంకె కాగితం మీద రాసి వాళ్ళ చేతికే ఇస్తాను. నా దగ్గరున్న వివరాలు ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. ప్రార్థన గ్రూపులో ఎవరి విన్నపమైనా పెట్టాలంటే, ఏ మాటలతో పెట్టాలో వాళ్ళనే చెప్పమంటాను. వద్దంటే నా ప్రార్థనలోనే ఉంచుకుంటాను.

శ్రమల దినాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు జరుగుతాయి. షుగరుకు ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వాడేవాళ్ళు తిండి లేకుండా మందు వేసుకుంటే చక్కెర పడిపోతుంది. మందులు వాడేవాళ్ళు ముందుగా డాక్టరునో నన్నో అడగమనీ, తిండి మానలేనివాళ్ళు టీవీయో ఫోనో మాని ప్రార్థనలో ఉండవచ్చనీ అయ్యగారు ముందే ప్రకటిస్తారు. అయినా ఒక శుక్రవారం ఒకామెకు చెమటలు పట్టి, చేతులు వణికాయి, మాట తడబడింది. ఆత్మ దిగిందని చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తల మీద చేతులుంచి గొంతు పెంచారు. పాత నేనైతే వాళ్ళను కసిరి పక్కకు నెట్టేదాన్ని. వాళ్ళ మధ్యే మోకరించి వేలి మీద సూది గుచ్చి చూశాను, 54 వచ్చింది. 70 కంటే తగ్గితేనే ప్రమాదం. అరకప్పు పళ్ళరసం తాగించాను, అందులో పదిహేను గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. "ప్రార్థన ఆపకండమ్మా, నెమ్మదిగా చేయండి" అన్నాను. పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ చూస్తే 70 దాటింది. ఆమె కళ్ళు తెరిచి అందరినీ గుర్తుపట్టింది. ప్రార్థన చేసినవాళ్ళే ఇప్పుడు సంచిలో గ్లూకోజు బిళ్ళలు పెట్టుకుని వస్తున్నారు.

ముందు వరసలో కొత్తగా ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుంటే, ఆ వారమే ఇంటికి వెళ్తాను. పులుసు బాగుందంటాను, మనవడి పేరు అడుగుతాను. తర్వాత, పిల్లలు గదిలో లేనప్పుడు, మందుల డబ్బా తెమ్మంటాను. ఇద్దరం కలిసి మాత్రలు లెక్కపెడతాం. తిరుగు ప్రయాణం ఎప్పుడో అడుగుతాను. వాళ్ళు ఒప్పుకుంటేనే పిల్లలతో మాట్లాడతాను. పక్షవాతం గుర్తులు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, కింద 911 వేసి, ఫ్రిజ్ తలుపుకు అంటించి వస్తాను.

మాస్టారు ఇప్పుడు సొంత ఊళ్ళోనే ఉన్నారు. ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటున్నానని ఫోన్లో చెప్పారు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అనలేదు గనక నాకు ఊరట కలగలేదు. నా గర్వానికి ఆయన చెయ్యి మూల్యం కట్టిందన్న బాధ నాతోనే ఉంటుంది. ఉండాలి కూడా. ప్రతి ఇంటి గడపలోనూ నోరు కట్టుకుని చెవులు తెరుచుకోమని నాకు చెప్పేది అదే.

ప్రతి సంఘానికీ ఒక నర్సు కావాలని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఇప్పుడే ఎక్కువ నమ్ముతున్నాను. డాక్టరుకు చెప్పని సంగతి, పాస్టరుకు చెప్పలేని సంగతి, కన్నబిడ్డలకు చెప్పకూడదనుకున్న సంగతి, రెండు వైపులా తెలిసిన ఒక మనిషి పక్కన కూర్చుంటే బయటికొస్తుంది. మా సంఘంలో ఇద్దరు కుర్ర నర్సులు ఈ కోర్సుకు వెళ్తున్నారు. వాళ్ళకు నేను నేర్పగలిగింది ఒక్కటే. అమ్మాయిలూ, ఆ ముందు వరసలో కూర్చున్నవాళ్ళకు వాక్యం మీకంటే బాగా తెలుసు, దాని మీద వాదించకండి. డబ్బాలో మాత్రలు ఎన్ని మిగిలాయో మాత్రం మీరు అడిగితే తప్ప వాళ్ళు చెప్పరు, అది అడగండి. అమెరికాలో ఉండి అమ్మానాన్నలను పిలిపించుకునే పిల్లలకూ ఇదే నా మనవి. టికెట్టు కొన్న రోజే వాళ్ళ మందుల లెక్క చూడండి. ప్రయాణం వాయిదా పడిన రోజు మళ్ళీ చూడండి. వాళ్ళు అడుగుతారని ఎదురు చూడకండి.